మతిమరుపు లేని బ్రౌజర్

ఆ ఏడాది వానలు పట్టుకున్న మూడో రోజున మా అమ్మ తన ఫోన్‌ను సబ్బునీళ్ళ బకెట్లో పడేసింది. చెయ్యి జారి కాదు, ఒళ్ళు మండి.

నేను ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేస్తాను కాబట్టి అది బతికింది. విప్పి, తుడిచి, ఆరబెట్టి, సాయంత్రానికల్లా ప్రాణం పోసి తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఎందుకమ్మా అంత కోపం?"

"రాదూ మరి? నేనడిగేది ఒకటి, అది చూపించేది ఒకటీనూ. తుప్పు మరక ఎలా పోతుందిరా అంటే జుట్టు ఊడకుండా మందు కొనమంటుంది. వద్దని నొక్కితే కొన్నానంటుంది. దాని మొహం మండ!"

మాది లాండ్రీ. ముందు గదిలో కౌంటరు, పెరట్లో తొట్లు, మేడ మీద తాళ్ళు. తొట్లు అమ్మవి, కౌంటరు అక్కది. మిగిలిన వాడిని నేను. మేం ముగ్గురమే. అమ్మకు తియ్యలేని మరక లేదని చుట్టుపక్కల పేరు, వచ్చేవాళ్ళు ఆమెను మరకలమ్మ అనే పిలుస్తారు. అయితే ఈమధ్య కొత్త కొత్త గుడ్డలు వస్తున్నాయి, వాటి మీద కొత్త కొత్త మరకలు. అందుకని నేనే ఆమెకు ఫోన్లో వెతకడం నేర్పాను. చేతులెప్పుడూ తడిగా ఉంటాయి కనుక వేళ్ళతో కొట్టడం కుదరదు. మైకు బొమ్మ నొక్కి నోటితో అడుగుతుంది. మనిషిని అడిగినట్టే అడుగుతుంది.

"ఫోన్‌ది కాదమ్మా తప్పు, అందులో ఉన్న బ్రౌజర్‌ది. వేరేది వేస్తాను" అన్నాను.

"వేరేది వేస్తే మరకలు పోతాయా?" అంది కౌంటరు దగ్గర్నించి అక్క, చొక్కా కాలరుకు నంబరు ముక్క పిన్ను పెడుతూ.

"నువ్వు నోరు మూసుకుని ఆ పిన్నులు చూసుకో. నిన్న పద్నాలుగో నంబరు ప్యాంటు నలభైలోకి పోయింది. ఎక్కడ పెట్టుకున్నావు బుర్ర?" అంది అమ్మ.

అమ్మ అక్కను తిట్టడం మా ఇంట్లో గోడ గడియారం లాంటిది. ఆగితేనే వినపడుతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషిని చిన్నపిల్లను చేసి తిడుతుంది, అక్క నవ్వుతూనే పడుతుంది. నన్ను మాత్రం ఎప్పుడూ తిట్టదు. నాకది చిన్నతనంగానే ఉండేది.

ఒక వారం పాటు బ్రౌజర్ల వేట సాగింది. మొదట వేసినది బాగా పేరున్నది. దానికి అమ్మ పాత ఫోన్లో చోటు చాల్లేదు. రెండోది చిన్నదే, కానీ తెరవగానే సినిమావాళ్ళ విడాకులన్నీ ఏకరువు పెట్టేది. అమ్మ తుప్పు మరక సంగతి మర్చిపోయి అవి చదువుకుంటూ కూర్చుంటే తొట్లో రంగు బట్టలు ఒకదానికొకటి అంటుకున్నాయి. మూడోది ప్రకటనలు రానివ్వదు, ఎవరికీ ఏమీ చెప్పదు, మూసెయ్యగానే అన్నీ మర్చిపోతుంది. నాకది తెగ నచ్చింది. అమ్మకు నచ్చలేదు.

"నిన్న ఇంకు మరక గురించి భలే పేజీ చూపించింది. ఇవాళ అడిగితే ఎరగనంటుంది. దీనికి మతిమరుపురా! నాకున్నది చాలదా?"

ఆ మతిమరుపుదాన్నే ఉంచేసి ఉండాల్సింది. ఆ మాట ఇప్పటికి ఎన్నిసార్లు అనుకున్నానో.

నాలుగోది కుదిరింది. చిన్నది, తేలికైనది. ప్రకటనలు లేవు. అడిగే పట్టీ తెర పైన కాకుండా అడుగున ఉంటుంది, ఒంటిచేత్తో పట్టుకున్నా బొటనవేలికి అందుతుంది. మైకు బొమ్మ రూపాయి బిళ్ళంత ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, దానికి జ్ఞాపకం ఉంది. పట్టీ మీద వేలు పెడితే చాలు, అంతకుముందు అడిగినవన్నీ వరసగా పైకి లేస్తాయి.

అయితే ఫోన్ పాడైనా ఆ జ్ఞాపకం పోకుండా ఉండాలంటే ఒక ఖాతా పెట్టమంది. అమ్మకు ఖాతా లేదు. పెట్టాలంటే పాస్‌వర్డులు, నంబర్లు, పెద్ద తతంగం. బద్ధకించి నా ఖాతానే పెట్టేశాను. పనిలో పనిగా అదే బ్రౌజర్ అక్క ఫోన్లోనూ వేసి, అక్కడా నా ఖాతానే పెట్టాను. అమ్మ వెతికిన మరకల పేజీలు కౌంటరు దగ్గరా కనపడితే, వచ్చినవాళ్ళకు అక్క అక్కడికక్కడే జవాబు చెప్పొచ్చు కదా అన్నది నా తెలివి. కొట్లో ఎవరైనా ఇలా చేస్తే నేనే వాళ్ళకు గడ్డి పెడతాను. ఇంట్లో వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అదేదీ గుర్తురాలేదు.

అలా మూడు ఫోన్లకూ జ్ఞాపకం ఒక్కటే అయింది.

మొదట్లో అదంతా వేడుకగానే ఉండేది. కొట్లో నేను పట్టీ మీద వేలు పెడితే అమ్మ మాటలు పైకి వచ్చేవి. "పెళ్ళికొడుకు కోటు మీద గ్రీజు పడింది, సాయంత్రానికి కావాలట, తొందరగా చెప్పు నాయనా." "నువ్వు చెప్పినట్టే చేశాను, పోలేదు, ఇంకేమైనా ఉందా?" "పోయింది. సంతోషం." ఆ ఆఖరుదానికి బ్రౌజర్ ఏం పేజీలు చూపించిందో గానీ, అక్క కౌంటరు దగ్గర కూర్చుని ఇవన్నీ నాకు చదివి వినిపించి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది.

"ఫోన్‌ను నాయనా అంటోందిరా! నన్ను మాత్రం ఏనాడైనా ఆ గొంతుతో పిలిచిందా?"

"అమ్మవన్నీ వస్తున్నాయి గానీ నువ్వు వెతికినవి ఒక్కటీ రావేం అక్కా?"

"నా గుట్టు నీకెందుకురా? నేను గుర్తులు మిగలని కిటికీ తెరుచుకుని చూస్తాను. అదీ నువ్వు నేర్పిందే."

వానలు పట్టి నెల దాటింది. మేడ మీద తాళ్ళు ఉత్తివయిపోయాయి, ఇంట్లో గదిగదికీ తాళ్ళు కట్టాం. వంటగదిలోకి వెళ్ళాలంటే ఎవరిదో లుంగీ కింద నుంచి వంగి దూరాలి. ఇల్లంతా తడిగుడ్డ వాసన. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, కొట్లో ఎవరో ఫోన్లో కాల్ రికార్డింగ్ ఆపడం ఎలాగని అడిగితే, చూసి చెబుదామని నా ఫోన్లో "కా" అని కొట్టాను.

"కాలేయంలో గడ్డ పాకితే ఎన్నాళ్ళు బతుకుతారు" అని లేచింది.

మొదట అమ్మే అనుకున్నాను. తర్వాత ఆ వరసను మళ్ళీ చదివాను. అందులో నాయనా లేదు. అమ్మ అడిగేది కాదది. మూడు రోజుల కిందట అడిగింది. ఆ రోజు అక్క గ్యాస్ నొప్పికి మందు తెచ్చుకుంటానని ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ ఏ వసారాలోనో కూర్చుని, కంగారులో ఆ గుర్తులు మిగలని కిటికీ తెరవడం మర్చిపోయి ఉంటుంది.

ఆ వరస మీద వేలు నొక్కిపట్టి తీసేశాను. ఒక ఫోన్లో తీసేస్తే మూడింటిలోనూ పోతుంది. ఆ మూడు రోజుల్లో అమ్మ పట్టీ మీద ఎన్నిసార్లు వేలు పెట్టి ఉంటుందో అన్నది నాకు తట్టనే లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క హోటలు దుప్పట్లు మడతపెడుతోంది. పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల కాదు. రెండో పక్క నేను పట్టుకున్నాను. దులిపి, దగ్గరికి వచ్చి కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ దగ్గరికి రావాలి. పెరట్లో తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు వినబడుతోంది. దగ్గరికి వచ్చినప్పుడు మెల్లిగా అడిగాను.

"ఎప్పట్నించి అక్కా?"

తను నా కళ్ళలోకి చూసింది. నాకు తెలిసిపోయిందని తనకు తెలిసింది. కొసలు నా చేతిలో పెట్టి, మడత అంచు పట్టుకోవడానికి కిందికి వంగింది.

"నీకెలా తెలుసు?"

చెప్పాల్సింది అప్పుడే. నీ మాట మూడు ఫోన్లలోకీ పాకింది, దానికి కారణం నా బద్ధకం అని చెప్పాల్సింది. నాకు సిగ్గేసింది.

"నీ సంచిలో ఆసుపత్రి చీటీ చూశాను."

"ఓహో" అంది. ఇంకో దుప్పటి తీసింది. "నెలవుతోంది. కోసి తీసేది కాదట. మందులిస్తారట, కొన్నాళ్ళు లాగుతాయట. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో ఎవరూ చెప్పరు."

నా చేతిలో కొస జారిపోయింది. "పట్టుకో, మట్టవుతుంది" అంది అక్క.

"అమ్మకి చెబుదాం."

"చంపుతాను. చెప్పకు."

"ఎందుకు?"

"చెబితే తిట్టడం మానేస్తుందిరా." అక్క నవ్వబోయింది, నవ్వు రాలేదు. "మానేసి నా పక్కన కూర్చుని నా మొహంలోకి చూస్తుంది. ఆ చూపు నేను తట్టుకోలేను. ఉన్నన్నాళ్ళు నన్ను మామూలుగా ఉండనియ్యి. మామూలుగా తిట్లు తిననియ్యి. అంతే నేనడిగేది."

సరేనన్నాను. పెరట్లోంచి అమ్మ కేకేసింది. "ఏమే, ఆ దుప్పట్లు మడతపెడుతున్నావా, ముగ్గులేస్తున్నావా?"

"చూశావా?" అంది అక్క. ఆ మాట అన్నప్పుడు తన మొహంలో ఎంత సంతోషముందో.

ఆ పూటే నా ఫోన్లోంచి ఆ ఖాతా తీసేశాను. అక్క ఇంకేమేం అడుగుతుందో నా కళ్ళతో చూసే ధైర్యం లేకపోయింది. వాళ్ళిద్దరి ఫోన్లలోంచీ తీసెయ్యాలంటే మాత్రం ఎందుకని అడుగుతారు, నా తప్పు బయటపడుతుంది. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రేపు మూడు వారాలు సాగింది.

ఆ మూడు వారాల్లో అక్క చిక్కిపోయింది. అజీర్తి అంది అక్క, అజీర్తేనన్నాను నేను, అజీర్తే అయ్యుంటుందిలే అంది అమ్మ. ఆ పైన అమ్మ నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. "రేపట్నించి ఇంట్లోకి పాలు తెచ్చేది లేదు, ఎవరు తాగుతారో చూస్తాను!" అని ఒకరోజు గిన్నె విసిరికొట్టింది. ఇంకోరోజు అక్క కూర్చునే స్టూలు లాగేసి, మేడమీది వాలుకుర్చీ తనే మోసుకొచ్చి కౌంటరు వెనక పడేసింది. "కోతిలా ఆ స్టూలెక్కి కూర్చుని కొట్టు పరువు తీస్తున్నావు, ఇందులో ఏడువు!" మరో రోజు ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వలేదు. "నువ్వు చేసిన ఇస్త్రీ కన్నా చెయ్యనిదే నయం, అవతలికి ఫో!"

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకమ్మా దాన్నలా కాల్చుకుతింటావు? రెండు రోజులు నోరు కట్టుకుంటే ఏం పోతుంది?"

అమ్మ నా వంక చూసింది. వాలుకుర్చీలోంచి అక్క అంది, "నువ్వు మధ్యలో రాకురా. మా గొడవ మాది." తన చేతిలో ఫోన్ ఉంది. ఇప్పుడు తలచుకుంటే, ఆ రోజుల్లో వాళ్ళిద్దరి చేతుల్లోనూ ఎప్పుడూ ఫోన్లు ఉండేవి.

ఒకరోజు పొద్దున నేను కొట్టుకు బయల్దేరుతుంటే అమ్మ తొట్టి దగ్గర్నించి పిలిచింది. చేతులు చీరకు తుడుచుకుని, ఏదో చొక్కా గురించి అడుగుతున్నట్టు అడిగింది.

"ఒరేయ్, నేను అడగనివి కూడా ఈ ఫోన్లో వస్తాయా?"

గుమ్మంలోంచి వెనక్కి వచ్చాను.

"ఏం వచ్చిందమ్మా?"

"ఏం లేదులే. అదెలా వస్తుందో తెలుసుకుందామని. నేనన్నది ఇంకెక్కడికైనా వెళుతుందా, అక్కడివి నాకు వస్తాయా?"

"ఏదీ, ఇలా ఇవ్వు."

ఆమె ఇవ్వబోయి ఒక్క క్షణం ఆగింది. ఆగి, ఇచ్చింది. పాతవి చదివే తీరిక నాకు లేదు, అక్క రహస్యం కాపాడాలన్న కంగారు తప్ప. ఆ బ్రౌజర్లో నా ఖాతా తీసేశాను. పాతవి అలాగే ఉంటాయి, కొత్తవి ఇక రావు, పోవు. మూడు నొక్కుల పని.

"ఏదో తేడా చేసిందమ్మా. బాగుచేశాను. ఇంక నీవి కానివి రావు."

"ఇంక రావా?"

"రావు."

"ఓహో" అంది అమ్మ. ఫోన్ తీసుకుని, తెర చీర చెంగుతో తుడిచి, గోడ గూట్లో పెట్టింది. తర్వాత తొట్టి వైపు తిరిగి నాననిచ్చిన బట్టలు పిండటం మొదలుపెట్టింది.

నేను ఆ పూట కొట్టుకు ఈల వేసుకుంటూ వెళ్ళాను. ఎంత పెద్ద గండం తప్పించానో అనుకున్నాను.

పన్నెండు రోజులకు అక్కను ఆసుపత్రిలో చేర్చాం. అప్పటికి అజీర్తి అనే మాట మాకే నమ్మకం లేనిదయింది, అయినా ముగ్గురం అదే అంటున్నాం. డాక్టరు అమ్మను పక్కకు పిలిచి చెబితే అమ్మ తలూపి వచ్చి, "ఏదో వాపట, తగ్గుతుందట" అంది. డాక్టరు ఆమెకు అసలు సంగతి చెప్పలేదనుకుని నేనూ తలూపాను.

మంచానికి రెండు పక్కలా చోటుంది. అమ్మ కుర్చీ లాక్కుని కుడి పక్కన కూర్చుంది, అటు కిటికీ వెలుతురు బాగుందని. అక్క అమ్మ వైపు తిరిగి పడుకునేది. తిరిగేటప్పుడు పెదవి కొరుక్కునేది. నేను చూశాను. జబ్బు కదా, ఎటు తిరిగినా నొప్పే కాబోలనుకున్నాను. అమ్మ ఎనిమిది రోజులూ ఆ కుర్చీలోనే ఉంది. అక్కడికి పోయాక అక్కను తిట్టడం తగ్గి, నర్సులను తిట్టడం ఎక్కువైంది. దుప్పట్ల మీద మందు మరకలు ఎలా తియ్యాలో చాకిరేవు పెట్టి మరీ చెప్పింది వాళ్ళకు. అక్క కళ్ళు మూసుకుని వింటూ నవ్వుకునేది. ఓపిక ఉన్నప్పుడు దిండు కింద నుంచి ఫోన్ తీసి ఏదో కొట్టుకుని, కాసేపు అలాగే చూసి, మళ్ళీ పెట్టేసేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, బయట బాగా ఎండ కాస్తుండగా, అక్క పోయింది. అమ్మ వైపు తిరిగే పోయింది.

వానలు కూడా అప్పుడే వెళ్ళిపోయాయి. లాండ్రీ పది రోజులు మూసి, పదకొండో రోజు తెరిచాం. తెరిచామే గానీ కౌంటరు వెనక ఎవరూ లేరు. వాలుకుర్చీ ఉంది. మేడ మీద తాళ్ళ నిండా బట్టలు గంటలో ఆరిపోతున్నాయి. ఇంట్లో మాట లేదు. ఆ గోడ గడియారం ఆగిందని అప్పుడు వినపడింది నాకు.

అమ్మ రెండు ఫోన్లు తెచ్చి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. ఒకటి తనది, ఒకటి అక్కది.

"దాని ఫోన్లో ఉన్నవి నాకు రావాలి. ముందులాగా పెట్టు."

"ముందులాగా అంటే?"

"నువ్వు బాగుచెయ్యక ముందులాగా."

ఆ మాట అని బట్టలు తియ్యడానికి మేడ మీదికి వెళ్ళింది. నేను రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి తెరిచాను. పట్టీల మీద వేలు పెట్టాను.

నేను ఆ గడ్డ వరస తీసేసిన మర్నాడే అమ్మ అడిగింది. "కాలేయంలో గడ్డ పాకడమంటే ఏమిటి నాయనా, మా పెద్దదానికి వచ్చింది." నేను తియ్యకముందే ఆమె దాన్ని చూసేసింది. అక్కడి నుంచి వరసగా అవే. "ఆ జబ్బు మనిషికి ఏం పెట్టాలి." "తల్లి కాలేయం ఇస్తే సరిపోతుందా, నాది మంచిదే." "తెలిసినట్టు చెప్పాలా, తెలియనట్టు ఉండాలా." ఆ తర్వాత ఒకటి. "దాన్ని తిట్టడం ఆపెయ్యమంటావా నాయనా, వద్దంటావా."

దాని వెంటనే, అదే పట్టీలో, అక్క కొట్టింది ఉంది.

"ఆపకమ్మా."

ఆ తర్వాత నేను బాగుచేసిన రోజు దాకా నాయనా లేదు, అంతా తల్లీయే. "పాలు తాగుతావా తల్లీ?" "వద్దమ్మా, వాసన పడటం లేదు." "కూర్చుంటే నొప్పిగా ఉందా?" "నడుం వాలిస్తే బాగుంటుంది." "ఇస్త్రీ పెట్టె ఎత్తకు, నేను తిట్టి లేపుతాను, లేచిపో." "సరే. గట్టిగా తిట్టు." "వాడికి తెలుసా?" "తెలుసు. పాపం, నీకు తెలియదనుకుంటున్నాడు."

నేను విన్న ప్రతి తిట్టూ అక్కడ ఉంది, తిట్టుకు ముందు సంగతితో సహా. నోటితో ఒక్క మెత్తటి మాట అనుకోవడం ఎరగని మనుషులు ఇద్దరు, మరకల గురించి అడిగే పట్టీలో కూర్చుని కడుపు నిండా మాట్లాడుకున్నారు. వాళ్ళకు ఆ చోటు ఇచ్చింది నేనే. తీసేసిందీ నేనే.

నేను బాగుచేసిన రోజు నుంచి ఏ ఫోన్‌లోది ఆ ఫోన్‌లోనే ఉండిపోయింది.

అమ్మ ఫోన్లో: "ఇవాళ ఎలా ఉంది తల్లీ?" "పలకవేం?" "వాడేదో బాగుచేశాడట. నీకు చేరుతోందా?" "ఏ వైపు పడుకుంటే హాయిగా ఉంటుందో చెప్పు, మంచం అటు జరుపుతాను."

అక్క ఫోన్లో: "అమ్మా, రెండు రోజులైంది, ఏమీ అడగలేదేం?" "కోపమొచ్చిందా?" "అలిసిపోయావులే." ఆసుపత్రిలో చేరాక ఎనిమిది రోజుల్లో ఒక్కటే ఉంది, కానీ అదొక్కటే నాలుగుసార్లు కొట్టింది.

"కుడి పక్కన కూర్చోకమ్మా. అటు తిరిగితే ప్రాణం పోతోంది. నువ్వు అటుంటే తిరగకుండా ఉండలేను."

ఖాతా మళ్ళీ కలిపితే ఇవన్నీ అమ్మ ఫోన్లోకి పోతాయి. ఆ ఒక్క వరస తీసేసి కలపొచ్చు. నొక్కిపడితే చాలు. వేలు దాని మీద పెట్టాను కూడా. వెనక అమ్మ వచ్చి నిలబడింది, చేతుల నిండా ఆరిన బట్టలతో.

"అమ్మా, ఆ రోజు తెంపింది నేనే."

"తెలుసు."

"అక్క నీకు చెప్పొద్దంది. అందుకని..."

"తెలుసులేరా. నీకు మాత్రం ఏం తెలుసని" అంది. బట్టలు బల్ల మీద పెట్టి, నా వేలు ఎక్కడుందో చూసింది. "అందులోంచి ఏమీ తియ్యకు. మంచిదైనా, చెడ్డదైనా. అది నాకు రాసుకున్నది."

వేలు తీశాను. అక్క ఫోన్లో నా ఖాతా ఉండనే ఉంది, అమ్మదాంట్లో మళ్ళీ పెట్టాను. నాదాంట్లోనూ పెట్టాను. కాసేపు చిన్న చక్రం తిరిగింది, ఆగింది. అమ్మ తన ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. తొట్టిలోకి నీళ్ళు పడుతున్న చప్పుడు ఆగిపోయింది. వెళ్ళి ఆమెను చూసే మొహం నాకు లేదు. కౌంటరు వెనక వాలుకుర్చీలో కూర్చుని, ఎవరివో చొక్కాలకు నంబర్లు పిన్ను పెట్టాను. ఎన్ని పెట్టినా పెరట్లోంచి చప్పుడు రాలేదు.

మర్నాడు ఫోన్ల కొట్లో ఎవరో ముసలాయన తన ఫోన్లో ప్రకటనలు రాని బ్రౌజర్ ఏదైనా చెప్పమన్నాడు. నాకు తెలిసిన నాలుగింటి పేర్లూ చెబుదామని ఫోన్ తీసి పట్టీ మీద వేలు పెట్టాను. అన్నిటికన్నా పైన అమ్మది లేచింది, తెల్లవారాక అడిగింది.

"నోరు లేదటే నీకు? ఎడమ పక్కకి రమ్మంటే రానా?"